నెల్లూరి తీరమున చూలాలి యాహారవిహారములు

చూలాలు ఏమి తినవలెను, ఎంత తినవలెను, ఎట్లు మెలఁగవలెను అను ప్రశ్నము వైద్యులకుఁ జెందినదే యని తలఁచి భాషాసాహిత్యపరిశోధకులు ఊరకుండుట తగదు. ఈ ప్రశ్నమునకు మన పూర్వు లిచ్చిన ప్రత్యుత్తరములు సంస్కృతవైద్యగ్రంథములందును, కావ్యములందును, తెలుఁగు పలుకుబళ్లయందును నిలిచియున్నవి. ఇటీవలి కాలపు ప్రత్యుత్తరములు కఱవుకాలపు లెక్కలయందును, ప్రయోగశాలల నివేదికలయందును నున్నవి. ఈ సామగ్రి నంతయు ఒక్కచోటఁ జేర్చి చూచిననే గాని, ఇంటి పెద్దలు శాస్త్ర మని చెప్పు మాటలలో ఏది నిజముగా శాస్త్రమో, ఏది నిన్నమొన్న పుట్టిన వాడుకయో నిర్ణయింప వీలుపడదు. ఆ నిర్ణయము వట్టి పాండిత్యవినోదము కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున మన దేశపు గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనలని తేలినది. శాస్త్రము పేరిట ఒక ముద్ద తగ్గించినచో ఆ తగ్గుదల యెవరి నెత్తుటిలోఁ జేరునో దీనివలన తెలియఁగలదు.

ఈ వ్యాసమునకు నెల్లూరి తీరమును క్షేత్రముగా గ్రహించితిని. ప్రాఁత నెల్లూరు జిల్లా ఉత్తరమున ఒంగోలు ప్రాంతము వఱకును, దక్షిణమున పులికాటు సరస్సు వఱకును వ్యాపించియుండెను. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినప్పుడు ఒంగోలు ప్రాంతము దానిలోఁ జేరినది. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి మొదలగు ప్రదేశములును విడిపోయినవి. ఎల్లలు మాఱినను తీరపు స్వభావము మాఱలేదు. ఒకవైపు పెన్నానది క్రింద పండు వరి, మఱియొకవైపు సముద్రపుఁ జేఁప, నడుమ ఇసుకదిబ్బలు, ఉప్పుటేఱులు, సరుగుడు తోఁటలు. మైపాడు, కృష్ణపట్టణము, దుగరాజపట్టణము, శ్రీహరికోట అను పేళ్లు ఈ తీరపు చరిత్రలో ప్రసిద్ధములు. ఆహారచరిత్రకు ఇట్టి తావు మిక్కిలి యనుకూలమైనది. ఏలయన, వరిపొలమున నాట్లు వేయు స్త్రీయు, పడవ వచ్చినతోడనే చేఁపలగంప నెత్తి కెత్తుకొను స్త్రీయు, అడవిలో దుంపలు త్రవ్వుకొను స్త్రీయు ఇచ్చట నాలుగైదు క్రోసుల లోపలనే కనఁబడుదురు.

మొదట శాస్త్రమును విచారింతము. చరకసంహిత శారీరస్థానమున ఎనిమిదవ యధ్యాయము గర్భిణీచర్యకు ముఖ్యమైన యాధారము. అందు నెలనెలకును ఆహారము విధింపఁబడినది. మొదటి నెల మందులు కలుపని చల్లని పాలు. రెండవ నెల మధురౌషధములతోఁ గాఁచిన పాలు. మూఁడవ నెల తేనెయు నేయియుఁ గలిపిన పాలు. నాలుగవ నెల పాలనుండి తీసిన వెన్న. అయిదవ నెల పాలవెన్ననేయి. ఆఱవ, యేడవ నెలలందు మధురౌషధములతోఁ బక్వమైన యా నేయియే. ఎనిమిదవ నెల నేయి కలిపిన పాలజావ. సుశ్రుతసంహిత శారీరస్థానము పదవ యధ్యాయమున మొదటి మూఁడు నెలలకును తీయనివి, చల్లనివి, ద్రవప్రాయమైనవి యగు నాహారములు విధించి, మూఁడవ నెల షష్టికధాన్యపు టన్నమును పాలతో నిమ్మని ప్రత్యేకించి చెప్పినది. నాలుగవ నెలలో పాలు, వెన్న, జాంగలమాంసముతోఁ గూడిన హృద్యమైన యన్నము పెట్టుమన్నది. వేవిళ్లచేత ఏదియు నిలువని తొలినెలలలో కొంచెము కొంచెముగా ద్రవాహారము నిచ్చి, కడుపు కుదురుకొన్నకొలఁది బలమైన యాహారమునకు మాఱవలె నను క్రమము ఈ రెండు గ్రంథములందును స్పష్టముగా నున్నది.

ఇంతకంటె ముఖ్యమైనది నిషేధముల పట్టిక. గర్భము నిలిచినది మొదలు స్త్రీ విడువవలసిన వానిని సుశ్రుతుఁడు శారీరస్థానము మూఁడవ యధ్యాయమునఁ జెప్పుచు, వ్యాయామము, పగటినిద్ర, రాత్రిజాగరణము, శోకము, భయము, వాహనారోహణము మొదలగువానితోపాటు అపతర్పణమును, అతికర్శనమును గూడఁ జేర్చెను. అపతర్పణ మనఁగా ఒడలికిఁ జాలినంత యాహారము నీయకుండుట. అతికర్శన మనఁగా శరీరమును మిక్కిలి కృశింపఁజేయుట. "చూలాలు తక్కువ తిన్నచో బిడ్డ చిన్నదై కాన్పు సులభమగును" అను మాట మన పల్లెలలో నేఁటికిని వినఁబడుచున్నది. ఆ మాటకు సుశ్రుతుని యాధారము లేకపోవుటయే కాదు, అది యాతని నిషేధమునకు నేరుగా విరుద్ధము. చూలాలిచేత ఉపవాసములు చేయించు వారును ఈ మాటను గమనింపఁదగును.

విహారవిషయమునఁ గూడ శాస్త్రము ఒకవైపే మ్రొగ్గియుండలేదు. వ్యాయామనిషేధమును మాత్రము చదివినవారు, గర్భిణిని మంచము దిగనీయరాదని శాస్త్ర మాజ్ఞాపించిన దని తలఁతురు. కాని చరకుఁడు, గర్భిణి దోషములవలన బిడ్డకుఁ గలుగు దోషములను చెప్పునపుడు, ఎల్లప్పుడును నిద్రించు స్త్రీ మందుఁడును, మాంద్యాగ్నియు నగు బిడ్డను గనునని చెప్పెను. ఎల్లప్పుడును తీపినే తినునది ప్రమేహము గలవానినో, అతిస్థూలునో కనునన్నాఁడు. ఫలము నేరుగా నట్లే కలుగునా యను విచారము వేఱు. గ్రంథకర్త యభిప్రాయము మాత్రము విశదము. అతిశ్రమ తగదు, అతినిద్ర తగదు. కృశింపఁజేయుట తగదు, తీపిలో ముంచుటయుఁ దగదు. ఈ యధ్యాయముననే గర్భిణిని నూనెతో నిండిన పాత్రనువలె కుదుపక కాపాడవలె నను నుపమానము గలదు. నిండుపాత్రను పట్టుకొన్నవాఁడు కదలక నిలిచియుండవలె నని దాని తాత్పర్యము కాదు. తొణకకుండ నడవవలె ననియే.

ఇఁక నొక వాదము. ఎనిమిదవ నెలలోని పాలజావను భద్రకాప్యుఁ డను నాచార్యుఁడు ఆక్షేపించెను. దానివలన బిడ్డకన్నులు పింగళవర్ణ మగునని యాతని భయము. పునర్వసు ఆత్రేయుఁడు ఆ భయము వట్టిదని త్రోసివేయుటకుఁ గూడఁ బూనుకొనలేదు. అట్లు కలిగినను కలుగనిమ్ము, జావ మాత్రము మానరాదనెను. తల్లి యారోగ్యబలవర్ణములు గలదైనచో శ్రేష్ఠమైన సంతానమును గను నని యాతని హేతువు. బిడ్డ రంగుకొఱకు తల్లి యాహారమును తగ్గింపరాదని రెండువేల యేండ్లకుఁ దక్కువ గాని నాఁడు ఒక యాచార్యుఁడు తీర్పు చెప్పినాఁడు. నేఁడు బిడ్డ నల్లనగునని కొన్ని పదార్థములు మాన్పించి, తెల్లనగునని కుంకుమపువ్వు తెప్పించు నిండ్లలో ఈ సంవాదము చదువఁదగినది. శాస్త్రము పేరిట నిషేధములు పెంచుట శాస్త్రసమ్మతము కా దనుటకు ఇంతకంటె నిదర్శనము వేఱొకటి యక్కఱలేదు.

అయినను ఒక సంగతి మఱవరాదు. ఈ పాలు, వెన్న, నేయి సంపన్నగృహముల యాహారము. పొలమున మోకాలిలోఁతు బురదలో నిలిచి నాటు వేయు స్త్రీకి నాలుగవ నెల వెన్న యెచ్చటనుండి వచ్చును? గ్రంథము ఆమెనుగూర్చి మాటాడలేదు. ఆమె చరిత్రము తెలియవలె నన్నచో భాషను, ఆచారమును ఆశ్రయింపవలెను.

కావ్యములయందు గర్భిణి కోరికకు దోహద మని పేరు. నాలుగవ నెలలో గర్భస్థశిశువునకు హృదయము వ్యక్తమగును గనుక తల్లి ద్విహృదయ యగుననియు, ఆమె కోరికలు బిడ్డ కోరికలే యనియు, వానిని కాదన్నచో బిడ్డకు వికృతి గలుగుననియు సుశ్రుతుఁడు చెప్పెను. ఈ భావమునే రఘువంశము మూఁడవ సర్గమున సుదక్షిణావృత్తాంతమునఁ గాంచుచున్నాము. ఆమె మట్టి తినును. దిలీపుఁడు మట్టివాసన గొన్న యామె మొగమును మూర్కొనును. పాఠశాలలలో ఈ ఘట్టమును పుట్టఁబోవువాఁడు భూమి నేలువాఁ డను చమత్కారముతో ముగించుట వాడుక. కాని మన యూళ్లలోను చూలాండ్రు మట్టిపెళ్లలు, పచ్చిబియ్యము తినుట యెల్ల రెఱిఁగినదే. నేఁటి వైద్యులు ఇట్టి కోరికకును శరీరమున ఇనుము కొఱఁతపడుటకును సంబంధము గలదని కనుఁగొన్నారు. కనుక ఆ శ్లోకసందర్భమును బోధించు పండితుఁడు, మట్టి తిను చూలాలు కనఁబడినచో నవ్వి యూరకుండక నెత్తురు పరీక్షింపించుమని ఒక్కమాట చేర్చుట యుచితము.

నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమున వెలసిన తిక్కన, తన నిర్వచనోత్తరరామాయణమునకుఁ గైకొన్న కథలోని సీతయు దోహదవతియే. ఉత్తరకాండకథలో గర్భవతి యగు సీత కోరినది పిండివంటలు గాదు. గంగాతీరపు తపోవనములను చూడవలె నని కోరినది. దోహద మనఁగా నోటి చాపల్యము మాత్రమే కాదని, కాళ్లు కదపవలె నను కోరికయు, చల్లగాలి పీల్చవలె నను కోరికయు దానిలోఁ జేరునని ఈ కథ చూపుచున్నది. ఆ కోరికయే యామెకు నెపమై యడవిపాలు చేసినదనుట కథలోని కారుణ్యము.

తెలుఁగుమాటలు ఈ విషయమున మిక్కిలి సంపన్నములు. చూ లను మాటకు అరవమున సూల్ అను జ్ఞాతిపదము గలదు. కనుక ఇది ద్రావిడభాషల ప్రాఁతసొత్తు. వేవిళ్లు అను నొక్కమాట కోరికను, వెగటును రెంటిని దెలుపును. ఇష్టముగాఁ దెప్పించుకొన్నదే కంటఁబడఁగానే డోఁకు వచ్చు స్థితికి ఇంతకంటె సరియైన పేరు లేదు. నెల తప్పుట, నీళ్లు పోసికొనుట, కడుపుతో నుండుట, వట్టిమనిషి కాకపోవుట, రెండు ప్రాణుల మనిషి యగుట అనునవి యొకదానివెంట నొకటి వచ్చు పలుకుబళ్లు. వీనిలో కడపటిది శాస్త్రములోని ద్విహృదయకు ఇంటిభాషలోని సమానపదము. కడుపు చలువ అనుమాటయు నట్టిదే. అయిదవ నెలలో పుట్టింటివారు చలిమిడి తెచ్చి పెట్టు నాచారము ఆ చలువకొఱకే. తడిబియ్యపు పిండి, బెల్లము, నేయి కలిపిన ముద్ద యది. అట్లే సీమంతమునాఁడు వచ్చు సూడిదలలో పండ్లు, పిండివంటలు ఉండును. పెద్దింట శాస్త్రము నెలనెలకు విధించినదానిని పేదయింట ఆచారము వేడుకనెపమున ఒకటిరెండుమాఱులు సమకూర్చినది. లోపమంతయు ఆ యొకటిరెండుమాఱులయందే యున్నది. తొమ్మిది నెలలకు ఒకనాఁటి చలిమిడి చాలదు.

ఇఁక తీరపు నిత్యాహారము. నెల్లూరు మొలగొలుకుల బియ్యమునకుఁ బేరుపొందినది. 1855 ప్రాంతమున నెల్లూరియొద్ద పెన్నానదికి ఆనకట్ట కట్టఁబడినది. 1880 దశకమున సంగమునొద్ద మఱియొక యానకట్ట వచ్చినది. దానితో తీరమున వరిసాగు స్థిరపడినది. పల్లపుసీమలో అన్నము, మెట్టసీమలో జొన్న, సజ్జ, రాగిసంగటి జనుల యాహారము. రాగిలో నూఱు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపుధాతు వుండును. ఆవుపాలలో నున్నదానికి ఇది రెట్టింపుకంటె నెక్కువ. పాలు కొనలేని మెట్టసీమ చూలాలికి సంగటిముద్దయే యెముకబలమని దీనివలన తేలుచున్నది. ధనము వచ్చినకొలఁది సంగటి మాని తెల్లనియన్నమునకు మాఱుట గౌరవచిహ్న మైనది గాని, చూలాలి యొడలికి ఆ మార్పు లాభము చేయలేదు.

తీరమున పట్టపువారు చేఁపలుపట్టి జీవింతురు. పురుషులు కడలికిఁ బోవుదురు. తెచ్చిన చేఁపను వేఱుచేయుట, ఎండఁబెట్టుట, గంపల కెత్తి యూరూర అమ్ముట స్త్రీల పని. నెలలు నిండువఱకును ఈ పని మానని స్త్రీ లనేకులు. వారి యింట నెత్తళ్లు మొదలగు చిన్నచేఁపలు ముల్లుతోఁగూడ తినఁబడును. మాంసకృత్తును, సున్నపుధాతువును, మెదడు పెరుఁగుదలకు వలయు క్రొవ్వును వానివలన లభించును. బాలింతకు పాలు పడునని పాలసొర పెట్టుట తీరమందంతట నున్న యాచారము. ఇచ్చట ఒక వివేకము కావలెను. సొర పెద్దచేఁపలను తిని బ్రదుకు జాతి; సముద్రమునఁ జేరిన పాదరస మట్టి చేఁపల మాంసమున నెక్కువగా నిలువయగును. చూలాండ్రును, పాలిచ్చు తల్లులును పెద్దసొరను మాని చిన్నచేఁపలను తినవలె నని నేఁటి వైద్యుల యుపదేశము. పూర్వాచారమును మెచ్చుకొనుట యన్నచో దానిలోని ప్రతియంశమును కన్నులు మూసికొని యంగీకరించుట కాదు.

శ్రీహరికోట యడవులలోని యానాదుల జీవనము వేఱు. దుంపలు, తేనె, పండ్లు, ఉప్పుటేటి చేఁపలు, చేలలో పట్టిన యెలుకలు వారి యాహారము. 1970 ప్రాంతమున శ్రీహరికోట అంతరిక్షప్రయోగకేంద్ర మైనప్పుడు వారిలోఁ బలువురు దీవి విడువవలసివచ్చెను. అడవి పోయినచోట కొనుబియ్యము వచ్చినది. అడవిలో పదివిధములుగా నున్న యాహారము కూలిబ్రదుకులో ఒక్కవిధమునకు దిగుట, పేదచూలాలి యాహారచరిత్రలో మాటిమాటికిఁ గనఁబడు సంగతి.

నిషేధములలో ఒకదాని వయస్సును నిర్ణయించుటకు చరిత్ర మనకు మంచి సాధన మిచ్చుచున్నది. చూలాలు బొప్పాయి తినరాదని మన యిండ్లలో కట్టుబాటు. శాస్త్రములో నున్నదని పెద్ద లందురు. బొప్పాయి అమెరికాఖండపు చెట్టు. పోర్చుగీసువారు తూర్పుసముద్రములకు వచ్చిన తరువాతనే, అనఁగా పదునాఱవ శతాబ్దమునఁగాని మన దేశమునకు రాలేదు. కావున చరకసుశ్రుతు లా పేరే యెఱుఁగరు. మిరపకాయయు నట్లే. బొప్పాయి నిషేధము శాస్త్రము కాదు, శాస్త్రమునకు తరువాత పుట్టిన యనుభవము. ఆ యనుభవము పూర్తిగా నిరాధారమును గాదు. పచ్చికాయలోని పాలు గర్భాశయమును ముడుచుకొనఁజేయు నని జంతుపరీక్షలలోఁ గనఁబడినది. బాగుగా పండిన పండునం దట్టి గుణము కనఁబడలేదు. కావున పచ్చికాయను మానుట వివేకము, పండును విషమువలెఁ జూచుట యనవసరము.

కఱవులు చూలాండ్రను ఎట్లు బాధించినవో తెలిసికొనుటకు 1876-78 సంవత్సరముల మహాక్షామము చాలును. మదరాసు రాజధానిలో బాధపడిన జిల్లాలలో నెల్లూరు ఒకటి. 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపులు దొర కరవుపని చేయువానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, స్వల్పముగా రొక్కమును చాలునని నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిషు దొర, పనిచేయు శరీరమున కది చాలదని తీవ్రముగా వాదించెను. కొన్నినెలలకు కూలి పెంపఁబడినది. ఈ వాదము జరుగుచుండఁగానే పనిచోట్ల స్త్రీలు తట్టలతో మన్ను మోయుచుండిరి. తరువాతి యేఁట కఱవు జిల్లాలలో పుట్టినవారి సంఖ్య మిక్కిలి తగ్గినది. అపతర్పణము, అతికర్శనము అని సుశ్రుతుఁడు నిషేధించిన రెండును ఒక దేశమంతటికి ఒకేసారి విధింపఁబడినపుడు ఏమగునో ఆ జననపట్టికలే చెప్పుచున్నవి.

కఱవు లేని కాలమునఁ గూడ నిండుకుండయెదుట ఆఁకలి గలుగవచ్చు నని చూపినది బియ్యపుచరిత్ర. గుండ్లకమ్మకు ఉత్తరమున నున్న సర్కారుల తీరమున బెరిబెరి యను వ్యాధి చిరకాలముగా నుండెను. కాళ్లు తిమ్మిరియెక్కి, నీరుపట్టి, గుండె క్రుంగి మనిషి చచ్చును. ఈ తీరపు వ్యాధినిగూర్చి మాల్కంసను అను వైద్యుఁడు మదరాసులో 1835లోనే గ్రంథము ప్రకటించెను. కారణము మాత్రము అప్పు డెవరికిని తెలియలేదు. జావాద్వీపమున అయిక్మానను డచ్చి వైద్యుఁడు 1890 దశకమున, తెల్లబియ్యము తిన్న కోళ్లకు అట్టి వ్యాధి వచ్చుటయు, తవుడు పెట్టఁగా నయమగుటయు కనుఁగొనెను. 1918లో నీలగిరులలోని కూనూరున మెకారిసను దొర యాజమాన్యమున బెరిబెరి పరిశోధన ఒక గదిలో నారంభ మైనది. 1924లో ఆయనయు నారిసు అను నాయనయుఁ గలిసి హిందూదేశమున బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి తమ పరిశోధనము ప్రకటించిరి.

తేలినది యిది. బియ్యపుగింజ పైపొరయందు నేఁడు థయమి నను పోషకద్రవ్య మున్నది. రోఁటిలో దంచినపుడు ఆ పొర కొంత నిలుచును. యంత్రమున మెఱుఁగుపెట్టినపుడు తవుడుతోఁ బోవును. మిగిలినది బియ్యము మాటిమాటికి కడుగుటచేతను, గంజి వార్చి పాఱఁబోయుటచేతను నశించును. వడ్లను నానఁబెట్టి ఉడికించి యెండించిన ఉప్పుడుబియ్యమున మాత్రము ఆ ద్రవ్యము గింజలోనికి దిగి నిలుచును. కనుకనే ఉప్పుడుబియ్యము తిను అరవసీమలో బెరిబెరి యరుదు. పచ్చిబియ్యమును మెఱుఁగుపెట్టి తిను సర్కారులలో తఱచు. నెల్లూరు ఈ రెండు సీమల నడుమ నున్నది. ఇరువదవ శతాబ్దారంభమున నీటిపాఱుదల ప్రాంతములందు బియ్యపుమిల్లులు వ్యాపించుటతో దంపుడుబియ్యము వెనుకఁబడినది. దంచు శ్రమ తప్పినందులకు స్త్రీలు సంతసించిరి. ఆ సంతోషము తప్పుకాదు. కాని రోలుతోపాటు తవుడును ఇల్లు విడిచినది.

దీనిలో అత్యంతదుఃఖకరమైన భాగము చూలాండ్రది, బాలింతలది. తెల్లబియ్యము తప్ప వేఱు తినని తల్లి తాను నడచుచునే యుండవచ్చును. ఆమె పాలలో మాత్రము ఆ ద్రవ్య ముండదు. రొమ్ముపాలే యాధారముగాఁ బెరుఁగు బిడ్డ రెండవ నెల మొదలు అయిదవ నెల లోపల హఠాత్తుగా గొంతు పోయి, గుండె నిలిచి మరణించును. బొద్దుగా నున్న బిడ్డ ఒక్కరాత్రిలోఁ బోఁగా దృష్టిదోష మనియు, గాలి యనియు జనులు నమ్మిరి. 1941లో ఎయిక్రాయిడు, కృష్ణన్ అను పరిశోధకులు మదరాసు రాజధాని బెరిబెరి ప్రదేశమునందలి శిశుమరణములనుగూర్చి ప్రత్యేకముగా పరిశోధించి ప్రకటించిరి. దీనికి తోడు బాలింతకు పత్యముపేరిట కూర, పప్పు మాన్పించి, తెల్లన్నమును కారపుపొడితోనో చారుతోనో పెట్టుట మన యాచారము. బిడ్డను కాపాడుటకై పెట్టిన పత్యమే బిడ్డకు ముప్పు దెచ్చినది. తల్లికిఁ గూర, పప్పు, తవుడుగల బియ్యము పెట్టినచో వైద్యుని పనియే లేకుండెడిది.

రక్తహీనత చరిత్రలో ఒక తెలుఁగువాని పేరు చేరుట మనకు సంతోషము. 1928లో లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, మిల్లుపనులు చేయు పేద గర్భిణులలో కనఁబడు ప్రాణాంతకమైన రక్తహీనతను పరిశోధించెను. కూనూరులోఁ గూడ ఆమె పనిచేసెను. మద్యకిణ్వపుసారము పెట్టఁగా ఆ స్త్రీలు కోలుకొనిరని 1931లో ప్రకటించెను. ఆకుకూరలలోను నున్న యా ద్రవ్యము 1941లో పాలకూరనుండి వేఱుపఱుపఁబడి, ఆకు అనునర్థము గల లాటినుమాటనుబట్టి ఫోలికామ్ల మని పేరుపొందెను. భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు 1945లో దానిని కృత్రిమముగా నిర్మించిరి. చూలాండ్రకు నేఁ డిచ్చు మాత్రలో ఇనుముతోపాటు నున్నది ఆ ద్రవ్యమే. గర్భము నిలిచిన మొదటి నాలుగువారములలోనే బిడ్డ మెదడు, వెన్నునాడి మూసికొనును. ఆ లోపము ఒకసారి కలిగిన తల్లులకు ముందునుండియే ఈ మాత్ర నిచ్చినచో మరల కలుగుట నూటికి 72 వంతులు తగ్గునని 1991లో ప్రకటితమైన ఆంగ్లపరిశోధనమువలన స్థిరపడినది. మునగాకు, తోటకూర, పొన్నగంటికూర పెరటిలో నుండఁగా చూలాలికి ఆకు పెట్టకుండుట యెంతటి నష్టమో చదువరులే యూహింతురుగాక.

ఇఁక రెండు సందేహములు తీర్పవలసియున్నవి. మొదటిది, ఎక్కువ తిన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునా యనునది. ఆఫ్రికాలోని గాంబియాదేశమున, నాట్లకాలములో ఆఁకలికిని శ్రమకును లోఁబడు పల్లె గర్భిణులకు అదనపు టాహార మిచ్చి చూచిన పరిశోధనము 1997లో ప్రకటింపఁబడినది. బిడ్డల బరువు సగటున 136 గ్రాములును, ఆఁకలికాలములో 201 గ్రాములును పెరిఁగినది. తల చుట్టుకొలఁత పెరిఁగినది మాత్రము సుమారు 3 మిల్లీమీటర్లే. మృతశిశుజననములు తగ్గినవి. కావున తిండివలన పెరుఁగునది బిడ్డ బలముగాని, కాన్పు కష్టము కాదు.

రెండవది, పని మంచిదా విశ్రాంతి మంచిదా యనునది. పూనా చుట్టుపట్ల పల్లెలలోని గర్భిణులను పరిశీలించి 2003లో ప్రకటించిన పరిశోధనమున, కష్టమైన పనులు చేయువారి బిడ్డలు చిన్నవారుగాఁ బుట్టిరని తేలినది. ఇంకొకవైపు, అడ్డంకి లేని గర్భిణి వారమునకు 150 నిమిషములైన నడక మొదలగు మధ్యమశ్రమ చేయుట మంచిదని ప్రపంచారోగ్యసంస్థ 2020లో ఉపదేశించినది. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కావు. చేలో దినమంతయు వంగియుండుటయు, నీళ్లబిందెలు మోయుటయు శ్రమ. సాయంకాలమున చెఱువుకట్టమీఁద నడచుట వ్యాయామము. పేదచూలాలికి కావలసినది బరువు తగ్గించుట, కలిగినచూలాలికి కావలసినది నడక పెంచుట. ఇద్దఱికిని ఒకే యుపదేశము చేయువాఁడు ఇద్దఱిలో నొకతెకు కీడు చేయును. నిండుపాత్ర యుపమాన మిచ్చట సార్థకమగుచున్నది.

కొలఁతవిషయమున 2020లో మన జాతీయపోషకాహారసంస్థ చేసిన నిర్ణయము జ్ఞాపక ముంచుకొనఁదగినది. కూనూరులోని యా ఒంటిగది పరిశోధనమే పెరిఁగి 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో ఈ పేరు దాల్చినది. గర్భిణికి మామూలుకంటె దినమునకు 350 కేలరీలును, మాంసకృత్తు నడిమి మూఁడు నెలలలో సుమారు 9.5 గ్రాములును, కడపటి మూఁడు నెలలలో 22 గ్రాములును అదనముగా వలయునని దాని నిర్ణయము. రెండు ప్రాణుల మనిషి యన్నంతమాత్రమున రెండింతలు తినవలసిన పని లేదు. ఒక గిన్నెడు పప్పన్నము, ఒక గ్రుడ్డో చేఁపముక్కయో, ఒక గ్లాసెడు పాలు చాలును. నాలుగవ నెల మొదలు 180 దినములు ఇనుము, ఫోలికామ్లము గల మాత్ర దినమున కొకటి. 1975లో అంగన్‌వాడీ పథక మారంభమైనది. 2013లో అమృతహస్తమను పేర మన రాష్ట్రమున గర్భిణికి ఒకపూఁట నిండుభోజనము పెట్టు నేర్పాటు వచ్చినది. చరకుఁడు సంపన్నులకు విధించిన పాలు, ఈ విధముగా పేదయింటి చూలాలికి తొలిసారిగా హక్కుగా లభించినవి.

ఈ చరిత్రనుబట్టి నిష్కర్ష చేయఁదగిన దేమనఁగా: మన శాస్త్రములు చూలాలిని పస్తుంచుమనలేదు, మంచముపైఁ గట్టిపడవేయుమనలేదు. ఆమె యాహారమును తగ్గించినవి కఱవు, పేదఱికము, యంత్రపుబియ్యము, శాస్త్రమని చెలామణి యగు నిషేధములు. వీనిలో మొదటి మూఁటిని తొలఁగించుట ప్రభుత్వములకుఁ జెందినపని. నాలుగవదానిని తొలఁగించుట మాత్రము పండితులకుఁ జెందినది. ఏలయన ఆ నిషేధములు వాడుకొనునది పండితుల పేరు. పాఠశాలలో సుదక్షిణావృత్తాంతమును, సీతాదోహదమును చెప్పునపు డెల్ల, భద్రకాప్యునకు ఆత్రేయుఁ డిచ్చిన ప్రత్యుత్తరమును కూడ చెప్పుఁడు. విన్న బాలిక పదియేండ్లకు తల్లి కాఁగలదు. విన్న బాలుఁడు ఆమె విస్తరిలో రెండవ గరిఁటె వడ్డించువాఁడు కాఁగలఁడు.